పెళ్లి వీడియో ఎడిటింగ్‌కి పాత జియాన్ వర్క్‌స్టేషనా, మామూలు ఐ5నా?

ఒంగోలు, కావలి, నెల్లూరు స్టూడియోల వాళ్లు సిస్టమ్ మార్చాలనుకున్నప్పుడు షాపులో వినపడే మాట ఒకటుంది: "అన్నా, ఇది సర్వర్ ప్రాసెసర్, 28 థ్రెడ్లు. ఆ ఐ5లో 12 థ్రెడ్లే." థ్రెడ్ అంటే ప్రాసెసర్ ఒకేసారి నడపగల పని వరుస. కంపెనీలు లీజు అయిపోయాక వదిలేసిన హెచ్‌పీ జెడ్440, డెల్ ప్రెసిషన్ టీ5810 లాంటి పాత వర్క్‌స్టేషన్లు చెన్నై రిచీ స్ట్రీట్ నుంచీ, సికింద్రాబాద్ వైపు నుంచీ మన ఊళ్లకు వస్తున్నాయి. వాటిలో ఎక్కువ అమ్ముడయ్యే ప్రాసెసర్లలో జియాన్ ఈ5-2680 వీ4 ఒకటి. దాన్ని ఐ5-12400తో అసెంబుల్ చేయించిన మామూలు డెస్క్‌టాప్‌తో పోల్చి చూద్దాం. పెళ్లి వీడియోలు, కరిజ్మా ఆల్బమ్‌లు చేసుకునే స్టూడియోకి ఐ5 మేలు. జియాన్ మేలయ్యే పనులూ ఉన్నాయి కానీ అవి స్టూడియోలో జరిగేవి కావు.

కాగితం మీద జియాన్ గట్టిదే. 2016లో వచ్చింది. 14 కోర్లు, 28 థ్రెడ్లు, 35 ఎంబీ క్యాష్, 120 వాట్లు. బేస్ స్పీడు 2.4 గిగాహెర్ట్జ్, టర్బో 3.3. ఆ 3.3 ఒకటి రెండు కోర్లు మాత్రమే పనిచేస్తున్నప్పటి మాట, అన్నీ కలిసి లాగుతుంటే 2.9 దగ్గర ఆగుతుంది. 2022లో వచ్చిన ఐ5-12400కి 6 కోర్లు, 12 థ్రెడ్లు, 18 ఎంబీ క్యాష్, టర్బో 4.4. గిగాహెర్ట్జ్‌లో కనపడే తేడా కన్నా అసలు తేడా ఎక్కువ, ఎందుకంటే ఒక్కో క్లాక్ సైకిల్‌లో కొత్త కోరు చేసే పనే ఎక్కువ. ఒక్క కోరు మీద నడిచే పనిలో జియాన్ వేగం ఐ5 వేగంలో దాదాపు సగం. ఇక అన్ని కోర్లూ పూర్తిగా పనిచేసినా, 14 పాత కోర్లు చేసే మొత్తం పని 6 కొత్త కోర్లు చేసేదానికి దాదాపు సమానంగానే వస్తుంది. 28 థ్రెడ్ల లెక్క చెప్పేవాళ్లు ఈ రెండో ముక్క చెప్పరు.

స్టూడియోలో రోజంతా జరిగే పని రెండర్ కాదు. టైమ్‌లైన్ మీద క్లిప్ పెట్టడం, కోయడం, జరపడం, ప్లే చేసి చూడటం. కెమెరా నుంచి వచ్చేది హెచ్.264 లేదా హెచ్.265 ఫైలు. దాన్ని ప్రతిసారీ విప్పి చూపించాలి. మన దగ్గర ఎక్కువమంది వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎడియస్ ఈ పనికి ఇంటెల్ క్విక్ సింక్‌ని వాడుకుంటుంది. క్విక్ సింక్ అంటే ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌లో వీడియో చదవడానికీ రాయడానికీ ఉన్న విడి భాగం. ఐ5-12400లో యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ ఉంది కాబట్టి క్విక్ సింక్ ఉంది. జియాన్ ఈ5లో గ్రాఫిక్సే లేదు, అందుకని క్విక్ సింక్ కూడా లేదు. ముహూర్తం సీన్లో మూడు కెమెరాల మల్టీక్యామ్ వేస్తే తేడా కళ్లకు కడుతుంది. ఐ5లో టాస్క్ మేనేజర్ తెరిస్తే ఇంటెల్ గ్రాఫిక్స్ కింద వీడియో డీకోడ్ గీత పైకి లేస్తుంది, ప్రాసెసర్‌కి ఊపిరి ఉంటుంది. జియాన్‌లో ఆ బరువంతా నెమ్మది కోర్ల మీదే పడుతుంది. ప్లేబ్యాక్ ఆగి ఆగి నడుస్తుంటే మొత్తం సీపీయూ వాడకం మాత్రం సగం కూడా చూపించదు. పని అన్ని కోర్లకూ సమానంగా పంచుకునే రకం కాకపోవడమే దీనికి కారణం.

ఎక్స్‌పోర్ట్‌లోనూ అదే కథ. ఎడియస్‌లో హెచ్.264 క్విక్ సింక్ ఎక్స్‌పోర్ట్ ఐ5లో దొరుకుతుంది, జియాన్‌లో దొరకదు. ఎన్‌విడియా కార్డు వేస్తే కొంత సర్దుకుంటుంది. ఎడియస్ ఎక్స్ వెర్షన్ నుంచి ఎన్‌విడియా ఎన్‌కోడింగ్‌కి సపోర్ట్ వచ్చింది, అడోబ్ ప్రీమియర్ అయితే ముందు నుంచే కార్డుని బాగా వాడుకుంటుంది. కానీ కార్డు ఖర్చు కలిపాక పాత వర్క్‌స్టేషన్ చవక అన్న మాట నిలవదు.

రంగుల వివరం ఎక్కువ ఉండే 10 బిట్ 4:2:2లో తీసే వాళ్లు ఇంకో సంగతి గమనించాలి. సోనీ ఏ7 IV, కెనాన్ ఆర్6 లాంటి కెమెరాలు ఆ ఫైళ్లిస్తాయి. ఐ5-12400లోని క్విక్ సింక్ హెచ్.265 10 బిట్ 4:2:2ని చదవగలదు, ప్రీమియర్ దాన్ని వాడుకుంటుంది. అదే 4:2:2 హెచ్.264లో ఉంటే ఈ ప్రాసెసర్ కూడా హార్డ్‌వేర్‌లో చదవలేదు. ఎన్‌విడియాలో 4:2:2 చదవడం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది, ఆర్‌టీఎక్స్ 3060, 4060 చేయవు. కాబట్టి సోనీ వాడేవాళ్లు కెమెరాలో ఎక్స్‌ఏవీసీ ఎస్ (హెచ్.264) బదులు ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ (హెచ్.265) ఎంచుకుంటే ఎడిటింగ్ టేబుల్ దగ్గర సుఖం. లేదంటే ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలికపాటి నకళ్లు, చేసుకోక తప్పదు.

ఆల్బమ్ పనికొస్తే, 12×36 షీటు 300 డీపీఐలో 3600×10800 పిక్సెళ్లు, అంటే దాదాపు 3.9 కోట్లు. 8 బిట్ ఆర్‌జీబీలో ఒక నిండు లేయరు సుమారు 115 ఎంబీ. 20 లేయర్ల పీఎస్‌డీ తెరిస్తే 2 జీబీ దాటుతుంది. నాలుగైదు షీట్లు ఒకేసారి తెరిచి పనిచేసేవాళ్లకి 16 జీబీ చాలదు, 32 జీబీ సరిపోతుంది. బ్రష్, లిక్విఫై, చాలా ఫిల్టర్లు ఒకటి రెండు కోర్ల వేగం మీదే నడుస్తాయి. ఫొటోషాప్‌కి 28 థ్రెడ్లు ఇచ్చినా ఒరిగేదేమీ లేదు.

జియాన్‌కి నిజంగా బలం ఉన్నది ర్యామ్‌లోనూ స్లాట్లలోనూ. జెడ్440లో 8 ర్యామ్ స్లాట్లు, 4 చానెళ్లు. సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ ఈసీసీ డీడీఆర్4 ర్యామ్ సెకండ్స్‌లో దొరుకుతుంది కాబట్టి 128 జీబీ వేయడం కష్టం కాదు. పీసీఐఈ 3.0 లేన్లు (కార్డులకు డేటా వెళ్లే దారులు) 40 ఉన్నాయి, ఐ5లో ప్రాసెసర్ నుంచి వచ్చేవి 20. అందుకని ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో పది పన్నెండు వర్చువల్ మెషీన్లు నడపాలన్నా, నెట్‌వర్కింగ్ ప్రాక్టీస్ చేయాలన్నా, ప్రాసెసర్ మీదే నడిచే బ్లెండర్ రెండర్లు రాత్రంతా పెట్టాలన్నా, రెండు గ్రాఫిక్స్ కార్డులు వేయాలన్నా జియాన్ మంచి కొనుగోలు. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల్లో ఆటోక్యాడ్, ట్యాలీ నడపడానికైతే అక్కర్లేదు. ఆ రెండూ ఒక్క కోరు వేగాన్నే అడుగుతాయి.

కొనేముందు రిపేరు సంగతి ఆలోచించండి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. జెడ్440 ఎస్‌ఎమ్‌పీఎస్ (సిస్టమ్‌కి కరెంటిచ్చే పెట్టె) మామూలు ఏటీఎక్స్ రకం కాదు, బోర్డుకి వెళ్లే కనెక్టర్లు హెచ్‌పీ సొంతవి. పెళ్లిళ్ల సీజన్లో అది పోతే ట్రంక్ రోడ్డు షాపుల్లో దొరికే ఎస్‌ఎమ్‌పీఎస్ దానికి పట్టదు, చెన్నై నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పించాలి. 700 వాట్ల మోడల్‌లో గ్రాఫిక్స్ కార్డు కోసం ఇచ్చినవి రెండు 6 పిన్ కనెక్టర్లు. 8 పిన్ అడిగే ఆర్‌టీఎక్స్ 3060కి రెండు 6 పిన్లను ఒక 8 పిన్‌గా కలిపే కేబుల్ కావాలి. బోర్డు మీద ఎం.2 స్లాట్ లేదు, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ వేయాలంటే పీసీఐఈ అడాప్టర్ కార్డు తీసుకోవాలి. ర్యామ్ పెంచేటప్పుడు రిజిస్టర్డ్ స్టిక్‌లూ మామూలు స్టిక్‌లూ కలిపితే సిస్టమ్ బూట్ అవదు. ఆ రిజిస్టర్డ్ స్టిక్‌లు రేపు ఐ5 బోర్డులోకీ పనికిరావు.

యూపీఎస్ కూడా మార్చాల్సి రావచ్చు. ప్రాసెసర్ 120, కార్డు 170, మిగతావి 50 వేసుకున్నా 340 వాట్లు, ఎస్‌ఎమ్‌పీఎస్‌లో పోయేది, మానిటర్ దీనికి అదనం. సాధారణంగా 360 వాట్లు ఇచ్చే 600 వీఏ యూపీఎస్ మీద రెండర్ మధ్యలో కరెంటు పోతే సిస్టమ్ కూడా ఆగిపోతుంది. కనీసం 1 కేవీఏ పెట్టండి, వీలైతే ప్యూర్ సైన్ వేవ్. ఈ వర్క్‌స్టేషన్ల ఎస్‌ఎమ్‌పీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు లాగే తీరుని సరిచేసే సర్క్యూట్) ఉంటుంది, చవక యూపీఎస్‌ల చదరపు తరంగం మీదికి మారే క్షణంలో కొన్ని ఆగిపోతాయి. బిల్లు సంగతి: ఖాళీగా ఉన్నప్పుడు కూడా జియాన్ సిస్టమ్ ఎక్కువ కరెంటు తాగుతుంది. సగటున 60 వాట్ల తేడా అనుకున్నా, రోజుకు 10 గంటలు, నెలకు 26 రోజులకు 15.6 యూనిట్లు అదనం, అదీ కమర్షియల్ రేటు మీద. మే నెలలో నెల్లూరు ఎండకి ఏసీ లేని గదిలో ఆ వేడంతా మనిషి మీదే పడుతుంది.

విండోస్ మాటకొస్తే, విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన లిస్టులో ఈ5 వీ4 లేదు. అడ్డదారిలో ఎక్కించొచ్చు, నడుస్తుంది కూడా. కానీ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మళ్లీ చేత్తో ఎక్కించుకోవాల్సి రావచ్చు. ఐ5-12400కి ఈ తలనొప్పి లేదు.

ఈ జియాన్‌ల కోసం ఎక్స్99 పేరుతో వచ్చే చైనా బోర్డులు మాత్రం స్టూడియోకి వద్దు. చాలావాటి మీద అసలు ఎక్స్99 చిప్‌సెట్టే ఉండదు, పాత డెస్క్‌టాప్ బోర్డుల నుంచి పీకిన చిప్ ఉంటుంది. బయోస్ అప్‌డేట్లు రావు, స్లీప్ చాలావాటిలో సరిగ్గా పనిచేయదు, ప్రాసెసర్‌కి కరెంటిచ్చే భాగం మీద సరైన హీట్‌సింక్ ఉండదు. జియానే కావాలంటే కంపెనీ వర్క్‌స్టేషన్ తీసుకోండి.

తీసుకునేటప్పుడు షాపులోనే నాలుగు పనులు చేయించండి. బయోస్‌లోకి వెళ్లి అడ్మిన్ పాస్‌వర్డ్ లేదని చూడండి, లీజు మెషీన్లలో అది మిగిలిపోతే తర్వాత నరకమే. సీపీయూ-జెడ్‌లో మెమరీ పేజీ తెరిస్తే నాలుగు చానెళ్లు చూపించాలి. రెండే చూపిస్తే స్టిక్‌లు తప్పు స్లాట్లలో ఉన్నట్టు, లేదా స్లాటే పోయినట్టు. సినీబెంచ్ అరగంట ఆపకుండా నడిపి, హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో వేడి, క్లాక్ చూడండి. 2.9 నుంచి కిందికి జారుతుంటే పేస్ట్ ఎండిపోయిందో, హీట్‌సింక్‌లో దుమ్ము పట్టిందో అర్థం. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో డిస్క్ ఎన్ని గంటలు నడిచిందో చూడండి. విడి ప్రాసెసర్ కొంటుంటే లోహపు మూత మీద కోడు ఎస్‌ఆర్2ఎన్7 అని ఉండాలి. క్యూతో మొదలయ్యే కోడుంటే అది ఇంజినీరింగ్ శాంపిల్, తీసుకోకండి. కొత్త ఐ5 సెట్ ధరలో సగం కన్నా తక్కువకి పూర్తి సిస్టమ్ రాకపోతే బేరం వదిలేయడం మంచిది.

ఐ5 అసెంబుల్ చేయించేటప్పుడూ తప్పులు జరుగుతాయి. మొదటిది, ఐ5-12400ఎఫ్ అంటగట్టడం. ఎఫ్ ఉంటే గ్రాఫిక్స్ లేదు, క్విక్ సింక్ లేదు, ఎడియస్ వాడేవాళ్లకి కొన్న ప్రయోజనమే పోతుంది. రైజెన్ 7 5700ఎక్స్ లాంటివి మంచి ప్రాసెసర్లే, ప్రీమియర్, ఎన్‌విడియా జోడీకి బాగుంటాయి కానీ వాటిలోనూ క్విక్ సింక్ ఉండదు. రెండోది, 16 జీబీ స్టిక్ ఒక్కటే వేసి ఇవ్వడం. 16 చొప్పున రెండు 3200 స్టిక్‌లు వేయించండి, ఒకే స్టిక్‌తో ర్యామ్ వేగం సగానికి పడుతుంది. బోర్డు హెచ్610 అయితే ర్యామ్ స్లాట్లు రెండే, తర్వాత పెంచుకోవడం కష్టం. బీ660 లేదా బీ760లో నాలుగు స్లాట్ల డీడీఆర్4 మోడల్ అడగండి.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే లోపం ఇంకొకటి. ఎన్‌విడియా కార్డు వేయగానే చాలా బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ని వాటంతట అవే ఆపేస్తాయి. ఎడియస్ ఎక్స్‌పోర్ట్‌లో క్విక్ సింక్ టిక్ కనపడకుండా పోతుంది, ఓనరేమో సాఫ్ట్‌వేర్ చెడిపోయిందనుకుంటాడు. బయోస్‌లో ఐజీపీయూ మల్టీ మానిటర్ అన్నదాన్ని ఎనేబుల్ చేయాలి. కొన్ని బోర్డుల్లో దాన్నే ఇంటర్నల్ గ్రాఫిక్స్ అంటారు. తర్వాత ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వేయాలి. టాస్క్ మేనేజర్‌లో రెండు జీపీయూలు కనపడితే పని అయినట్టు.

బాక్స్‌తో వచ్చే ఫ్యాన్ ఈ ప్రాసెసర్‌కి సరిపోతుంది, కానీ దాని నాలుగు పుష్ పిన్‌లూ బోర్డు వెనక్కి తన్నుకొచ్చాయో లేదో వెనకనుంచి చూడాలి. ఒక్కటి ఊడినా ఎక్స్‌పోర్ట్ మొదలైన రెండు నిమిషాల్లో 100 డిగ్రీలు తాకుతుంది. చీమకుర్తి చుట్టుపక్కల అయితే గ్రానైట్ పొడి వల్ల రెండు మూడు నెలలకోసారి బ్లోయర్ కొట్టించాలి, కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి. బాక్స్ ప్రాసెసర్‌కి ఇంటెల్ 3 ఏళ్ల వారంటీ ఇస్తుంది. జీఎస్టీ బిల్లు మీద ప్రాసెసర్, బోర్డు, ఎస్‌ఎమ్‌పీఎస్ సీరియల్ నంబర్లు రాయించుకుని, బాక్సుల్ని పారేయకుండా అటక మీద పెట్టుకోండి.