విలియమ్స్‌బర్గ్‌లో ఇల్లు చూశాక రిచ్‌మండ్ కూడా వెళ్లండి

అమెరికాలో మొట్టమొదటి లా ప్రొఫెసర్ జార్జ్ విథ్ ఇల్లు చూద్దామని అత్తయ్యను, పిల్లలను తీసుకుని ఉత్తర వర్జీనియా నుంచి విలియమ్స్‌బర్గ్ వెళ్లాం. శనివారం పొద్దున్నే బయల్దేరినా ఐ-95 హైవే మీద ట్రాఫిక్ తప్పలేదు. వీలుంటే శుక్రవారం రాత్రికే చేరుకోండి.

మ్యూజియంలా కాపాడుతున్న పాత ఊరి వీధుల్లో ఊరికే తిరగడానికి టికెట్ అక్కర్లేదు. ఇళ్ల లోపలికి వెళ్లాలంటేనే కావాలి. టికెట్ ఉంటే విజిటర్ సెంటర్ నుంచి షటిల్ బస్సు ఎక్కొచ్చు, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యకు అదే పెద్ద ఆసరా అయింది. మేం దిగిన హోటల్ మాత్రం బాగాలేదు. రాత్రంతా ఏసీ మోత, నిద్ర లేదు. భోజనానికి వెళ్లిన చోట శాకాహారం దాదాపు లేదు, కట్టుకెళ్లిన పులిహోరే ఆదుకుంది.

విథ్ గారిది గవర్నర్ ప్యాలెస్ ఎదుటి పచ్చిక పక్కన రెండంతస్తుల ఇటుక ఇల్లు. 1781లో, స్వాతంత్ర్య యుద్ధంలో చివరి పెద్ద పోరు అయిన యార్క్‌టౌన్ ముట్టడికి ముందు, సేనాని జార్జ్ వాషింగ్టన్ ఇక్కడే మకాం పెట్టారు. విథ్ గారు వకీలుగా మొదలై శాసనసభకు వెళ్లారు, 1776 స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేశారు, తర్వాత ఛాన్సరీ కోర్టు (చట్టం అక్షరాల కంటే న్యాయబుద్ధిని చూసి తీర్పిచ్చే కోర్టు) జడ్జి అయ్యారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ ఆయన శిష్యుడే. 1779లో విలియం అండ్ మేరీ కాలేజీలో పాఠాలు మొదలుపెడితే, తర్వాతి కాలంలో అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన జాన్ మార్షల్ మరుసటి ఏడాది వచ్చి విన్నారు. ఆ కాలేజీ ఇక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరమే, తప్పకుండా చూడండి.

చాలామంది ఇంతటితో వెనక్కి వచ్చేస్తారు. నాకైతే అసలు కథ గంట ప్రయాణం దూరంలో, రిచ్‌మండ్‌లో ఉందనిపించింది. ఆయన చివరి రోజులు అక్కడే గడిచాయి. 1806లో ఇంట్లో విషప్రయోగం జరిగింది. జూన్ 8న ఆయన పోయారు, ఆయన చదువు చెబుతున్న మైకేల్ బ్రౌన్ అనే కుర్రాడూ పోయాడు. అనుమానం విథ్ గారి సోదరి మనవడి మీద. ప్రాణం పోయేలోపే విథ్ గారు వీలునామా మార్చి వాడికి చిల్లిగవ్వ దక్కకుండా చేశారు. వంటింట్లో ఉన్న లిడియా బ్రాడ్‌నాక్స్‌కు ఆ పొద్దున జరిగింది తెలుసు. ఆమె విథ్ గారు బానిసత్వం నుంచి విడిపించిన నల్లజాతి స్త్రీ. తెల్లవాళ్ల మీద నల్లవాళ్ల సాక్ష్యం చెల్లదన్నది అప్పటి వర్జీనియా చట్టం. హత్య కేసులో వాడు నిర్దోషిగా బయటపడ్డాడు. అదే ఏడాది, స్వేచ్ఛ ప్రతి మనిషికీ పుట్టుకతో వచ్చే హక్కని తీర్పు రాసిన జడ్జి విథ్ గారు!

విథ్ గారి సమాధి సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో ఉంది. పార్కింగ్ వీధిలో వెతుక్కోవాలి, ఎత్తు పల్లాలున్న చోటు కాబట్టి పెద్దవాళ్లను చర్చి ముందే దింపేయండి. అత్తయ్య రాయి దగ్గర చాలాసేపు నిలబడి, "ఆ లిడియా పేరు ఎక్కడైనా రాశారేమో చూడమ్మా" అన్నారు. ఆవరణంతా తిరిగాం. మా కంటికి కనబడలేదు.