హన్మకొండలో విదేశీ చదువుల కన్సల్టెన్సీ: కాలేజీ చరిత్ర చెప్పిన చోటు

మా అమ్మాయి అమెరికాలో ఎమ్మెస్ చేస్తానంటే నక్కలగుట్టలోని ఈ కన్సల్టెన్సీకి వెళ్లాం. ఫీజుల సంగతి తర్వాత చెప్తాను, ముందు వీళ్లు చేసిన ఒక మంచి పని చెప్పాలి.

మా లిస్టులో నార్త్ కరోలినా ఏ అండ్ టీ స్టేట్ యూనివర్సిటీ ఉంది. అంతకుముందు వెళ్లిన ఇంకో ఆఫీసులో ఆ పేరు చూడగానే "అది నల్లోళ్ల కాలేజీ సార్, తీసేద్దాం" అని పెన్నుతో కొట్టేశారు. ఇక్కడి కౌన్సెలర్ మేడం మాత్రం ఆ పేరు దగ్గరే ఆగి, అది ఎట్లా పుట్టిందో మొదటి నుంచి చెప్పారు. పరకాల దగ్గర హైస్కూల్లో సోషల్ చెప్పే నాకు కూడా ఇందులో చాలా సంగతులు కొత్త.

1890లో వచ్చిన రెండో మోరిల్ చట్టం ఒక షరతు పెట్టింది. వ్యవసాయ, సాంకేతిక కాలేజీలకు కేంద్రం డబ్బు కావాలంటే రాష్ట్రాలు నల్లజాతి పిల్లల్ని చేర్చుకోవాలి, లేదంటే వాళ్లకు వేరే కాలేజీ పెట్టాలి. తెల్లవాళ్ల పక్కన కూర్చోబెట్టడం ఇష్టంలేని నార్త్ కరోలినా 1891లో వేరే కాలేజీ పెట్టింది. 1893లో అది అదే రాష్ట్రంలోని గ్రీన్స్‌బరో ఊరికి మారింది.

అట్లా దూరం పెట్టడానికి కట్టిన కాలేజీ నుంచే 1960 ఫిబ్రవరి 1న నలుగురు ఫస్టియర్ పిల్లలు బయల్దేరారు: ఎజెల్ బ్లేర్, ఫ్రాంక్లిన్ మెకెయిన్, జోసెఫ్ మెక్‌నీల్, డేవిడ్ రిచ్‌మండ్. ఊళ్లోని వూల్‌వర్త్ స్టోర్ నల్లవాళ్లకు సామాన్లు అమ్ముతుంది కానీ టిఫిన్ కౌంటర్ దగ్గర కూర్చోనివ్వదు. వీళ్లు టూత్‌పేస్ట్ లాంటి చిన్న చిన్న వస్తువులు కొని, రసీదులు దగ్గర పెట్టుకుని, వెళ్లి ఆ స్టూళ్ల మీద కూర్చుని కాఫీ అడిగారు. పోయలేదు. స్టోర్ మూసేదాకా లేవలేదు. మర్నాడు ఇంకొందరు వచ్చారు, వారం తిరక్కుండానే వందలమంది అయ్యారు. జూలై 25న ఆ కౌంటర్‌లో నల్లవాళ్లకూ వడ్డించారు.

మా బాపు ఊళ్లో హోటల్ బయట నిలబడి, తనకోసం వేరే పెట్టిన గ్లాసు తనే కడుక్కుని చాయ్ తాగినోడు. రసీదుల మాట వినగానే నాకు గొంతు పట్టేసింది. పైసలు తీసుకునేటప్పుడు లేని అంటు కాఫీ పోసేటప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది?

మేడం క్యాంపస్‌లో ఆ నలుగురికి 2002లో పెట్టిన విగ్రహం స్క్రీన్ మీద చూపించారు. పక్కపక్కనే నడిచొస్తున్నట్టు ఉంటారు. మా అమ్మాయి జూమ్ చేసి ఒక్కొక్కరి ముఖం చూసి, "వీళ్లు నాకంటే చిన్నోళ్లు డాడీ" అంది. ఛాలెంజర్ ప్రమాదంలో పోయిన వ్యోమగామి రొనాల్డ్ మెక్‌నెయిర్ 1971లో ఫిజిక్స్ డిగ్రీ తీసుకున్నది కూడా అక్కడే. ఇప్పుడు అన్ని జాతుల పిల్లలూ చేరొచ్చు. ఇంజనీరింగ్‌కు మంచి పేరుంది. ఇవన్నీ చెప్పాకే, అసిస్టెంట్‌షిప్, అంటే చదువుకుంటూ యూనివర్సిటీలోనే జీతానికి చేసే పని, గ్యారంటీ లేదని కూడా ముఖం మీదే చెప్పారు. అది నాకు నచ్చింది. అమ్మాయి అప్లై చేసింది.

ఫీజు ముందే కాగితం మీద రాసిచ్చారు, తర్వాత పైసా పెంచలేదు. బ్యాంకు లోన్ విషయంలో వీళ్ల సాయం అంతంతమాత్రమే, మేమే తిరిగాం. సాయంత్రాలు రద్దీ ఎక్కువ, పొద్దున వెళ్లండి. ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో అప్లికేషన్‌తో పాటు రాసిచ్చే వ్యాసం) మాత్రం మీ పిల్లలతోనే రాయించండి, వీళ్లిచ్చే నమూనా అందరికీ ఒకటే.