క్వార్టరు అంటే ఎన్ని డ్రింకులు? విజయవాడలో కొత్త పరిశోధకులకు ఐదు రోజుల శిక్షణ

గుంటూరులో సామాజిక వైద్యంలో పీజీ పూర్తిచేసి, మద్యపానంపై నా తొలి అధ్యయనానికి సిద్ధమవుతున్న సమయంలో, మత్తు పదార్థాల వాడకంపై పరిశోధన మొదలుపెట్టేవారి కోసం విజయవాడలో ఒక సంస్థ నిర్వహించిన ఐదు రోజుల శిక్షణకు హాజరయ్యాను. వైద్యులతో పాటు మనస్తత్వశాస్త్రం, సోషల్ వర్క్ చదివినవారు కూడా వచ్చారు.

అన్నిటికంటే విలువైనది రెండో రోజు. మద్యపానం ఏ స్థాయిలో ఉందో అంచనా వేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆడిట్ ప్రశ్నావళిలో పది ప్రశ్నలుంటాయి; 40 మార్కులకు 8 గానీ అంతకుమించి గానీ వస్తే, ఆ తాగుడు హాని చేసే స్థాయికి చేరిందని భావించాలి. ఇంతవరకు పుస్తకంలో చదువుకున్నదే. అయితే తాగిన రోజున ఎన్ని డ్రింకులు తీసుకుంటారన్న రెండో ప్రశ్నకు మన దగ్గర వినిపించే జవాబు ‘ఒక్క క్వార్టరేనండీ’ అని. దాన్ని ఒక డ్రింకుగా రాసుకుంటే ఆ ప్రశ్నకు సున్నా మార్కులే పడతాయి. శిక్షకురాలు బోర్డు మీద లెక్క వేసి చూపించారు: 42.8 శాతం ఆల్కహాలున్న విస్కీ 180 మిల్లీలీటర్లలో సుమారు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది, ఈ ప్రశ్నావళిలో ఒక డ్రింకు అంటే 10 గ్రాములు కాబట్టి ఆ క్వార్టరు ఆరు డ్రింకులకు సమానం. అప్పుడు రెండో ప్రశ్నకు 2 మార్కులు రావడమే కాక, ఒకే దఫాలో ఆరు లేదా అంతకుమించి తాగడాన్ని గురించిన మూడో ప్రశ్నకు జవాబు కూడా మారిపోతుంది. కల్లు విషయంలో ముంత పరిమాణం ఊరూరికీ వేరు గనుక, ఆ ముంతనే చూపించమని అడిగి కొలుచుకోవాలని చెప్పారు. మధ్యాహ్నం జంటలుగా కూర్చొని ఇంటర్వ్యూలు సాధన చేస్తున్నప్పుడు, ‘అపరాధ భావన ఎంత తరచుగా కలిగింది’ అని నేను రాసుకున్న ఏడో ప్రశ్న ఎదుటివారికి అందడం లేదని అర్థమై, ‘ఎందుకు తాగానా అని ఎంత తరచుగా బాధపడ్డారు’ అని మార్చుకున్నాను. ఆ ఒక్క మార్పుకే ఈ ప్రయాణం సార్థకమైందనిపించింది.

నైతిక నియమాల తరగతి కూడా గట్టిగా సాగింది. మత్తు పదార్థాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి తాగడం కూడా నేరమే కాబట్టి, మనల్ని నమ్మి నిజం చెప్పినవారి పేరు జవాబుల కాగితంపై ఎక్కడా కనిపించకూడదని, పేర్ల జాబితాను వేరుగా తాళం వేసి ఉంచాలని పదేపదే చెప్పారు. మత్తు పదార్థాల వాడకంపై జరిగిన 2018 జాతీయ సర్వేను ఉదాహరణగా తీసుకొని, ఇంటింటి సర్వేకు దొరకనివారిని వారి పరిచయస్తుల ద్వారానే చేరుకునే పద్ధతిని వివరించిన తీరు నాకు ఎంతో నచ్చింది.

లోపాలూ ఉన్నాయి. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న గుంటూరు పక్కనే జరిగిన శిక్షణలో పొగాకుకు ఒక్క గంటే కేటాయించడం, ఉత్తరాంధ్ర స్త్రీల అడ్డపొగ (చుట్ట నిప్పు కొనను నోట్లో పెట్టుకొని తాగే) అలవాటును ప్రస్తావించకపోవడం సరికాదు. డేటా విశ్లేషణకు ఇచ్చిన పూట కూడా ఏమాత్రం చాలలేదు. అంతకంటే బాధించినది, శిక్షణ తర్వాత ఆరు నెలల పాటు ఒక సీనియర్ పరిశోధకుడు మార్గదర్శనం చేస్తారని ప్రకటించి, నేను పంపిన పరిశోధన ప్రణాళికకు మూడు నెలలైనా జవాబివ్వకపోవడం. తొలి అధ్యయనంలో తప్పులు దొర్లేది తరగతి గదిలో కాదు, ఊళ్లోకి వెళ్లాకే. మాకు పెద్దల తోడు కావలసింది అప్పుడే.

వసతి, భోజనం బాగున్నాయి. వెళ్లదలచినవారు తమ ప్రశ్నావళి తెలుగు ప్రతిని తప్పక వెంట తీసుకెళ్లి, రెండో రోజుకల్లా దాన్ని శిక్షకుల చేతికివ్వాలి. మార్గదర్శకుడి పేరును చివరి రోజు బయలుదేరేలోపు రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.