సాలీడు ప్రజాతి తేల్చడానికి 10ఎక్స్ భూతద్దం: వాడకం, లోపాలు

మడిచి జేబులో వేసుకునే 10ఎక్స్, అంటే పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఇది. మూడు గాజులు అతికించిన రకం, వెడల్పు 18 మిల్లీమీటర్లు. ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్లో గుండ్రటి గూళ్లు అల్లే సాలీళ్లను గుర్తుపట్టాలనుకునేవాళ్లు మొదట కొనాల్సింది ఇదే.

దీని విలువ తెలిసేది నియోస్కోనా, అరేనియస్ అనే సాలీడు ప్రజాతుల (దగ్గరి సంబంధమున్న జాతుల గుంపుల) విషయంలో. చాలావరకు రెండూ గోధుమ రంగువే. పొట్ట మీది మచ్చలు చూసి తేల్చబోతే పొరబడతారు, ఒకే జాతిలోనే అవి మారిపోతుంటాయి. చూడాల్సింది తల, ఛాతీ కలిసిన ముందు భాగం వీపు మీది చిన్న గాడి. అది ఒంటి పొడవు వెంట నిలువుగా ఉంటే నియోస్కోనా, అడ్డంగా ఉంటే అరేనియస్. ఈ అద్దంలో ఆ గీత తేటగా కనిపిస్తుంది.

సాలీడును పారదర్శకమైన డబ్బాలోకి ఎక్కించి, పొట్ట కింద దూది పెట్టి, వీపు మూతకు ఆనేలా మెల్లగా ఒత్తాలి. గట్టిగా నొక్కితే కాలు ఊడుతుంది, పాపం. అద్దం కంటికి ఆనించి డబ్బాను రెండున్నర సెంటీమీటర్ల దగ్గరికి తేవాలి. వెలుతురు పక్క నుంచే పడాలి. నేరుగా పైనుంచి పడితే నీడ లేక గాడి కనపడదు.

చవగ్గా దొరికే 30ఎక్స్‌వి వద్దు. మరీ దగ్గరగా పెట్టాలి, వెలుతురు చాలదు.

జాతి పేరు దాకా వెళ్లాలంటే మాత్రం ఎదిగిన ఆడదాని పొట్ట కింది జననాంగం చూడాలి, దానికి స్టీరియో మైక్రోస్కోపు కావాలి. పిల్ల సాలీళ్లలో ఆ భాగం ఇంకా ఏర్పడదు.

మడత దగ్గరి స్క్రూ వదులవుతుంది, అప్పుడప్పుడు బిగించుకోవాలి. బారువ, భావనపాడు వైపు సముద్రపు తేమకు గాజుకు బూజు పడుతుంది కాబట్టి సిలికా జెల్ పొట్లంతో కలిపి మూతున్న డబ్బాలో పెట్టాలి.