సొంతంగా వేసుకున్న క్రైమ్ నవల: విశాఖ నుంచి మూడేళ్ల అనుభవం

మొదటి నవల, అదీ హత్య చుట్టూ తిరిగే నవల, పేరున్న ప్రచురణకర్త లేకుండా సొంతంగా వేసుకోవచ్చా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. వేసుకోవచ్చు. నా పుస్తకం 2022 చివర్లో వచ్చింది. మొదటి ముద్రణ అయిపోయింది, రెండోది నడుస్తోంది. పుస్తకం చేతికొచ్చిన వారంలో రాసే అభిప్రాయం వేరు, మూడేళ్లు దాన్ని మోసి, అమ్మి, పోస్టు చేసి, బాకీలు వసూలు చేశాక రాసేది వేరు. ఇది రెండో రకం.

మా తరం చిన్నతనంలో డిటెక్టివ్ నవల దొరకని బస్టాండ్ ఉండేది కాదు. అద్దె పుస్తకాల షాపులో రోజుకింత అని ఇచ్చి తెచ్చుకునేవాళ్లం. వారపత్రికల్లో సీరియల్ వచ్చేది. అద్దె షాపులు పోయాయి, వారపత్రికలు చాలావరకు మూతపడ్డాయి. ఇప్పుడు తెలుగులో కొత్త రచయిత క్రైమ్ నవల పట్టుకెళ్తే తీసుకునే ప్రచురణ సంస్థలు బాగా తక్కువ. సాహిత్యం తెలిసినవాళ్లు కూడా "డిటెక్టివ్ నవలా?" అని ఒక మెట్టు కింద పెట్టి మాట్లాడతారు. నేను దీన్ని ఒప్పుకోను. పోలీస్ స్టేషన్, మార్చురీ, కోర్టు వరండా: పేదవాడికి ప్రభుత్వం ముఖాముఖి ఎదురయ్యే చోట్లు ఎక్కువగా ఇవే. వాటి గురించి రాయడం తక్కువ పనెలా అవుతుంది?

ముందుగా ప్యాకేజీల సంగతి. డబ్బు తీసుకుని పుస్తకం వేసిపెట్టే సంస్థ ఒకటి నన్ను సంప్రదించింది. ముఖచిత్రం, డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చడం), అచ్చు, ఆన్‌లైన్ అమ్మకం, "ప్రమోషన్" అన్నీ కలిపి ఒక రేటు. ఒప్పందం కాగితం తెప్పించుకుని చదివితే ఆడియో, అనువాదం, వెబ్ సిరీస్ హక్కులు కూడా అందులోనే ఉన్నాయి, ఎంతకాలమో లేదు. మన 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, కాలం రాయకపోతే ఐదేళ్లుగా లెక్క, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఆ మాటే అడిగాను. సవరించి పంపిన కాగితంలో "కాపీరైట్ ఉన్నంతకాలం" అని వచ్చింది. మన దగ్గర అంటే రచయిత పోయాక కూడా 60 ఏళ్లు. డబ్బు నాది, హక్కులు వాళ్లవి! అక్కడితో ఆపేశాను. క్రైమ్ నవలకు సినిమావాళ్లు, సిరీస్ వాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఫోన్ చేస్తారు. ఆ హక్కులు మీ దగ్గరే ఉంచుకోండి. సొంత ప్రచురణలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే, మూడేళ్ల తర్వాత కూడా.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) కోసం ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. సొంతంగా వేసుకునే రచయితలు కూడా ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ రుసుము 500 రూపాయలే, చేయించుకోండి. ఇంకొకటి చాలామంది పట్టించుకోరు: 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు తలో ప్రతి ప్రచురణకర్త తన ఖర్చుతో పంపాలి. ఇక్కడ ప్రచురణకర్త మీరే.

డీటీపీ దగ్గర టైమ్ ఎక్కువ పెట్టండి. మనం టైప్ చేసేది యూనికోడ్‌లో (ఫోన్‌లో, నెట్‌లో కనిపించే తెలుగు), చాలా డీటీపీ సెంటర్లలో పని నడిచేది 'అను' అనే పాత తరహా ఫాంట్లలో. మార్చేటప్పుడు వత్తులు, పొల్లులు ఎగిరిపోతాయి. మూడు ప్రూఫులూ చూశాక దిద్దుబాట్లన్నీ అను ఫైల్‌లోనే ఉండిపోతాయి, రేపు ఈ-బుక్ చేయాలంటే మీ దగ్గర మిగిలేది పాత తప్పుల ఫైలే. అందుకే యూనికోడ్‌లోనే పేజీలు పెట్టే మనిషిని వెతికి, కాస్త ఎక్కువ ఇచ్చి చేయించాను. ఆ ఖర్చు రెండో ముద్రణలో తిరిగొచ్చింది.

ఇక అసలు విషయం. క్రైమ్ నవలకు అచ్చుకు ముందు చదివేవాళ్లే ప్రాణం. సాహిత్యం తెలిసినవాళ్లు కాదు, ఆ పని తెలిసినవాళ్లు. నా కథ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో, చేపల వేట నిషేధం రోజుల్లో నడుస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు సముద్రంలోకి వెళ్లకూడదు. బోట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉంటాయి, మనుషులు తక్కువ. శవం దొరికేది అలాంటి బోటు ఐసు గదిలో. నేను పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీ ఆఫీసులో పనిచేస్తాను కాబట్టి హార్బర్ కొంత తెలుసు. కానీ ఆ అధ్యాయం ఒక పాత సరంగుకు (బోటు నడిపే పెద్దకు) చదివి వినిపించినప్పుడు ఆయన అడిగిన మాట నాకు ఎప్పటికీ తట్టేది కాదు.

"ఏట బందైనప్పుడు బోటులో ఐసెందుకుంటాది బాబూ? ఎవుడో కావాలని ఏసుండాల."

నవల మొత్తం ఆ మాట మీద నిలబడింది. ఆ ఐసు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే దర్యాప్తు అయింది. ఇలాంటి పాఠకుడు దొరికితే ఆయనకు మీ పుస్తకం మొదటి ప్రతి ఇవ్వండి, కృతజ్ఞతల్లో ముందు పేరు ఆయనదే ఉండాలి. రిటైరైన ఒక ఎస్సై కూడా చదివారు. పంచనామా ఎవరు రాస్తారు, శవం కేజీహెచ్ ఆసుపత్రికి ఎవరి వెంట వెళ్తుంది, పోస్ట్‌మార్టం రిపోర్టు ఎవరి చేతికి వస్తుంది అనే వరుసంతా ఆయన సరిచూశారు. రెండో ముద్రణ వచ్చాక కొందరు పాఠకులు హత్యకు సెక్షన్ 302 కాదు, 103 అని మెసేజ్‌లు పెట్టారు. పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది 2024 జులై 1న. నా కథ జరిగేది 2019లో, కాబట్టి ఐపీసీ 302 అలాగే ఉంచాను. ఇప్పటి కథ రాసేవాళ్లు మాత్రం కొత్త సెక్షన్లు పక్కన పెట్టుకుని రాయాలి.

ముందుమాటల గురించి కాస్త గట్టిగా చెప్పాలి. తెలుగు పుస్తకానికి ఇద్దరు ముగ్గురు పెద్దల ముందుమాటలు ఉండటం ఆనవాయితీ. ప్రేమతో రాస్తారు, ఓపికగా చదివి రాస్తారు. కానీ ముందుమాట అంటే మనవాళ్లకు కథ చెప్పి మెచ్చుకోవడం. కవితా సంపుటికి దానివల్ల నష్టం లేదు. క్రైమ్ నవలలో మొదటి పేజీ తెరవకముందే, చంపింది ఎవరో పాఠకుడికి తెలిసిపోతుంది. నాకు ఒక పెద్దాయన రాసిచ్చిన ముందుమాటలో హంతకుడి పేరు, కారణం రెండూ ఉన్నాయి. చాలా మంచి వ్యాసం. ఆయన దగ్గరికి వెళ్లి, చివర్లో వేస్తానని, "నవల చదివాకే ఇది చదవండి" అని పైన రాస్తానని అడిగాను. ఒప్పుకున్నారు. ఇలా అడగడానికి మొహమాటపడొద్దు.

ఆవిష్కరణ సభ కూడా అంతే. హాలు అద్దె, ఫ్లెక్సీ, శాలువాలు, మొమెంటోలు, టీలు, కాంప్లిమెంటరీ కాపీలు, అన్నీ కలిపితే ఒక చిన్న ముద్రణ ఖర్చు. వచ్చేవాళ్లలో చాలామంది రచయితలే, వాళ్లకు పుస్తకం ఊరికే ఇస్తాం. పుస్తకాన్ని పరిచయం చేసే వక్త కథంతా చెప్పేస్తారు. ద్వారకానగర్‌లోని విశాఖ పౌర గ్రంథాలయంలో ఒక మిత్రుడి నవల సభలో ఇది కళ్లారా చూశాను. పరిచయం పూర్తయ్యేసరికి ముందు వరుసలో ఒకాయన తను కొన్న కాపీ పక్కవాళ్లకు ఇచ్చేశారు. అందుకే నేను సభ పెట్టలేదు. ఒక సాయంత్రం కొంతమంది పాఠకులను కూర్చోబెట్టి మొదటి రెండు అధ్యాయాలు చదివి ఆపేశాను. ఆ తర్వాత ఏమైందని అడిగినవాళ్లు పుస్తకం కొన్నారు. క్రైమ్ నవలకు ప్రమోషన్ అంటే నా అనుభవంలో ఇంతే: సరైన చోట ఆపడం.

డబ్బు లెక్క. డెమ్మీ సైజు (మామూలు నవల సైజు), 240 పేజీలు, మామూలు తెల్ల కాగితం. ఐదు వందల ప్రతులకు అచ్చు, బైండింగ్ కలిపి ప్రతికి 85 రూపాయల దగ్గర పడింది. వెల 200. దుకాణం 40 శాతం ఉంచుకుంటే చేతికొచ్చేది 120, పంపిణీదారు ద్వారా సగానికి ఇస్తే 100. డీటీపీ, ముఖచిత్రం, రవాణా అందులోంచే తీయాలి. లాభం అనదగ్గది నేరుగా అమ్మిన ప్రతుల మీదే వచ్చింది. వంద ప్రతులకు డిజిటల్ ప్రింట్ మంచిదే గానీ ప్రతి ధర బాగా పెరుగుతుంది, దుకాణానికి కమీషన్ ఇచ్చాక ఏమీ మిగలదు.

పంపిణీ మాత్రం ఈ పద్ధతిలో అన్నిటికన్నా పెద్ద లోపం, దాచి లాభం లేదు. పుస్తకాలు ఇచ్చేటప్పుడు "అమ్మాక ఇస్తాం" అంటారు. ఎన్ని అమ్మాయో తెలుసుకోవాలంటే ఫోన్లు, తర్వాత మళ్లీ ఫోన్లు. వేరే ఊళ్లోని ఒక దుకాణం ప్రతులన్నీ అమ్మేసి కూడా ఏడాది పైగా డబ్బివ్వలేదు. చివరికి తెలిసినవాళ్లు వెళ్లి కూర్చుంటే సగం వచ్చింది. ఇది చాలా బాధ పెట్టింది, ఎందుకంటే పుస్తకం అమ్ముడుపోయిందని సంతోషపడాల్సిన చోట గొడవ పడాల్సి వచ్చింది. ఇప్పుడు ఎవరికైనా పది ప్రతులే ఇస్తాను, వాటి డబ్బు వచ్చాకే ఇంకో పది. డెలివరీ చలానా మీద సంతకం, స్టాంపు లేకుండా కట్ట దింపను. విజయవాడ పుస్తక మహోత్సవం, హైదరాబాద్ బుక్ ఫెయిర్ లాంటి చోట్ల సొంత స్టాల్ ఒక్క పుస్తకానికి గిట్టదు. తెలిసిన ప్రచురణకర్త స్టాల్‌లో బల్ల మూల కాస్త చోటు అడిగి, సాయంత్రాలు అక్కడే నిలబడితే ఫలితం ఉంటుంది. క్రైమ్ అనగానే కాలేజీ పిల్లలు ఆగుతారు. తెలుగు చదవరని మనం అనుకునే పిల్లలు.

పోస్టు ఖర్చు కూడా పెరిగింది. 2024 డిసెంబరులో తపాలా శాఖ, పుస్తకాలు చవగ్గా పంపుకునే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఆపేసింది. చిన్న ప్రచురణకర్తలకు అది పెద్ద దెబ్బ. పోస్టు చార్జీ పాఠకుడి మీద వేస్తే ఆర్డర్ వెనక్కి పోతుంది. రెండు ప్రతులు కొంటే పోస్టేజీ మేమే పెట్టుకుంటాం అన్నాక ఆర్డర్లు మెరుగయ్యాయి, ఒక ప్రతి స్నేహితుడికి వెళ్తుంది.

నా నవలను నిలబెట్టింది విశాఖవాళ్లే. బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్లు, జగదాంబ, కంచరపాలెం, గాజువాక పేర్లు చూసి కొన్నవాళ్లు, పాత పోస్టాఫీసు దగ్గర సందు కథలో ఉందని చూడటానికి వెళ్లి ఫొటో పంపినవాళ్లు. రెండో ముద్రణలో పుస్తకం చివర చేత్తో గీసిన మ్యాపు వేయించాను, డాల్ఫిన్స్ నోస్ కొండ నుంచి హార్బర్ జెట్టీల దాకా. ఖర్చు చాలా తక్కువ, దాని గురించి వచ్చినన్ని ఫోన్లు ఇంక దేని గురించీ రాలేదు. డబ్బులిచ్చి పెట్టిన సోషల్ మీడియా ప్రకటనలకు లైకులు వచ్చాయి, ఆర్డర్లు దాదాపు రాలేదు. 2023 నవంబరులో హార్బర్‌లో మంటలు లేచి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయినప్పుడు పుస్తకం గురించి సోషల్ మీడియాలో పెట్టే పోస్టులన్నీ ఆపేశాను. బోటే బతుకైన మనుషులు రోడ్డున పడ్డప్పుడు అదే హార్బర్ బొమ్మతో నవల అమ్మడం సరికాదనిపించింది. కొన్ని నెలల అమ్మకం పోయింది, పోనీ.

సంభాషణల్లో ఉత్తరాంధ్ర మాట అలాగే ఉంచాను. "ఏటి", "ఎల్లిపోనాడు", "సెప్పేడు" చూసి బయటి జిల్లాలవాళ్లకు అర్థం కాదని కొందరు భయపెట్టారు. ఆదోని నుంచి, కరీంనగర్ నుంచి ఫోన్ చేసినవాళ్లు కూడా దాని గురించి ఇబ్బంది అనలేదు. కథ పరుగెడుతుంటే మాట దానంతటదే అర్థమవుతుంది.

పీడీఎఫ్ దొంగతనం తప్పదు. ఒక మెసేజింగ్ యాప్ గ్రూపులో నా పుస్తకం ఫైల్ తిరుగుతోంది. తీసేయమని రాస్తే ఒకచోట తీస్తారు, ఇంకోచోట వస్తుంది. సినిమాలకు కథ చూస్తామని పీడీఎఫ్ అడిగేవాళ్లకు అచ్చు ప్రతి పంపుతాను, అంతే.

వృత్తి పక్కన పెట్టుకుని, ఇల్లు దీని మీద ఆధారపడకుండా ఉన్నవాళ్లకు ఈ దారి నేను చెప్తాను. తొందరగా పేరు కావాలనుకునేవాళ్లకు, ఫోన్లు చేసి డబ్బు అడగలేనివాళ్లకు చెప్పను. రెండో నవల ఇప్పుడు ఆ సరంగు గారి దగ్గరే ఉంది. ఆయన మనవరాలు రాత్రిళ్లు చదివి వినిపిస్తోంది, పదో అధ్యాయం దాకా వచ్చారట. ఆయన అడగాల్సినవి అడగడం పూర్తయ్యాకే డీటీపీకి ఇస్తాను.