ఇస్తాంబుల్‌లో టర్కిష్ కాఫీ కార్యశాల: నేర్పింది ఎంత, చూపింది ఎంత

ఇస్తాంబుల్ వెళ్ళే పర్యాటకులకు బోస్ఫరస్ పడవ విహారం, హమాం స్నానం వంటివాటితో పాటు ఇప్పుడు టర్కిష్ కాఫీ కార్యశాలలను కూడా విరివిగా అమ్ముతున్నారు. చాలావాటి వరస ఒక్కటే: కొంత చరిత్ర, కొంత ప్రదర్శన, కొంతసేపు మన చేతులతో కాచడం, చివర కప్పులో మిగిలిన మడ్డిని చూసి జోస్యం చెప్పడం. నేను చేరినది నగరానికి ఆసియా వైపున ఉన్న కడికోయ్‌లో, సంత వీధులకు దగ్గరగా, ఒక పాత భవనంలో నడిచే రెండు గంటల తరగతి. ఎమినోను రేవులో ఫెర్రీ ఎక్కితే సుమారు ఇరవై నిమిషాల్లో అక్కడికి చేరవచ్చు. ఈ సమీక్ష ప్రకటనగానో ఫిర్యాదుగానో మారకూడదన్న ఉద్దేశంతో కార్యశాల పేరు రాయడం లేదు. నా అభిప్రాయం మాత్రం మొదటే చెప్పగలను: జెజ్వే పట్టుకుని మంట ముందు నిలబడిన కొద్దిసేపే కట్టిన రుసుము మొత్తానికి సరిపోయినంత విలువైనది; ఆ కొద్దిసేపు మరింత ఎక్కువసేపు కాకపోవడానికి కారణం తక్కిన హంగులే.

జెజ్వే అంటే పొడవైన పిడి ఉన్న చిన్న రాగి గిన్నె. అడుగు వెడల్పుగా, మెడ ఇరుకుగా, అంచున ఒక పక్క చిన్న ముక్కుతో ఉంటుంది. లోపల కళాయి పూత ఉంటుంది. ఇత్తడి, రాగి పాత్రలకు వీధిలోకి వచ్చిన మనిషి చేత కళాయి వేయించిన తరానికి ఆ పూత ఎందుకో వివరించనక్కరలేదు. తక్కినవారి కోసం మా శిక్షకురాలు పూత అరిగిపోయి ఎర్రగా రాగి బయటపడిన ఒక పాత జెజ్వేను, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి చూపించారు. ఇరుకు మెడ అందం కోసం పెట్టింది కాదు. కిందినుంచి లేచిన నురగ ఆ ఇరుకులో దట్టంగా పేరుకుంటుంది. వంచినప్పుడు అడుగునున్న పొడి ఒక్కసారిగా దొర్లి రాకుండా ఆగుతుంది. గిన్నె పరిమాణం కూడా అంతే ముఖ్యమైనది. నాలుగు కప్పుల జెజ్వేలో ఒక్క కప్పు కాస్తే ద్రవం మెడ దాకా రాదు కనుక నురగ పలచగా పరుచుకుని చెదిరిపోతుంది. ఎంతమందికి కాస్తున్నామో అంత కొలతకు సరిపడే గిన్నె ఎంచుకోవాలన్న ఈ చిన్న విషయాన్ని ఆమె మాటలతో సరిపెట్టకుండా రెండు గిన్నెల్లో కాచి చూపించడం నాకు నచ్చింది.

తరువాత పొడి. గొట్టంలా ఉండే ఇత్తడి చేతిమరను అందరికీ ఇచ్చి గింజలు విసరమన్నారు. ఒక ఫింజాన్‌కు, అంటే అరవై డెబ్బై మిల్లీలీటర్లు పట్టే చిన్న కప్పుకు, కావలసిన పొడి దాదాపు 7 గ్రాములే అయినా ఆ మరలో అంత పొడి రాబట్టడానికి భుజం నొప్పి పుడుతుంది. పొడి వేళ్ళ మధ్య రాస్తే గరుకు తగలనంత మెత్తగా ఉండాలి. మన ఫిల్టరు కాఫీ పొడి దీనికి పనికిరాదు. అక్కడ పొడిని చిల్లుల పళ్ళెం ఆపుతుంది, ఇక్కడ వడకట్టడమే లేదు. పొడి ఎంత మెత్తగా ఉంటే నీటిలో అంత సమంగా కలిసి, తాగే ముందు కప్పు అడుగున అంత చక్కగా పేరుకుంటుంది. ముతకగా ఉంటే ప్రతి గుక్కలోనూ పంటికి తగులుతుంది. గింజలు ఎక్కడివని అడిగినప్పుడు శిక్షకురాలు దాపరికం లేకుండా బ్రెజిల్‌వని చెప్పారు. ఒట్టోమన్ కాలంలో ఇస్తాంబుల్‌కు కాఫీ యెమెన్ నుంచి వచ్చేది. నేడు టర్కీలో తాగే కాఫీలో అధిక భాగం బ్రెజిల్ గింజలతో చేసినదే. టర్కిష్ కాఫీ అన్న పేరు గింజకు కాక కాచే పద్ధతికి చెందినదన్న సంగతి కొన్ని దుకాణాల అట్టపెట్టెలు చూస్తే తెలియదు కానీ, ఇక్కడ మాత్రం స్పష్టంగా చెప్పారు. గింజలు వేయించడాన్ని మాత్రం చూపలేదు, మాటలతో దాటవేశారు. రెండు గంటల తరగతిలో అది క్షమించదగినదే.

ఇక కాచడం. చల్లని మంచినీళ్ళను ఫింజాన్‌తోనే కొలిచి జెజ్వేలో పోయాలి. పొడి, చక్కెర అప్పుడే వేయాలి. చక్కెర ముందే వేయడానికి కారణం ఉంది: నురగ కట్టిన తరువాత చెంచా పెడితే అది విరిగిపోతుంది, కప్పులో పోశాక కలిపితే మడ్డి పైకి లేస్తుంది. అందుకే టర్కీలో కాఫీ అడిగిన వెంటనే చక్కెర ఎంతో చెప్పాలి. అసలు లేనిది సాదే, కొద్దిగా ఉన్నది ఆజ్ షెకెర్లి, మధ్యస్థంగా ఉన్నది ఓర్తా, తీపిగా ఉన్నది షెకెర్లి. నలుగురు అతిథులు నాలుగు రకాలుగా అడిగితే ఆ ఇంట్లో నాలుగుసార్లు కాచవలసిందే. పొడి తడిసేదాకా బాగా కలిపి, సన్నని మంట మీద పెట్టి, ఆ తరువాత చెంచా పక్కన పెట్టేయాలి. పూర్వం బొగ్గు నిప్పుల మీద పెట్టేవారు. ఇప్పటికీ నిప్పుల మీద కాచినదని గొప్పగా చెప్పి అమ్మే కాఫీ అంగళ్ళు ఉన్నాయి. మంట తక్కువగా ఉండాలనడంలో ఉన్న మర్మం ఏమిటంటే, నీరు నెమ్మదిగా వేడెక్కేకొద్దీ పొడిలోని రుచి దిగుతుంది, వేయించిన గింజలో చిక్కుకున్న వాయువు బుడగలుగా బయటికి వస్తుంది, ఆ బుడగలను మెత్తని పొడి, గింజలోని నూనెలు పట్టి నిలుపుతాయి. సలసల మరిగిస్తే ఆ బుడగలన్నీ పగిలి, చేదు దిగి, నురగ లేని నల్లనీళ్ళు మిగులుతాయి.

పుస్తకంలో చదివినా, వీడియోలో చూసినా పట్టుబడనిది సరిగ్గా ఈ దశలోనే ఉంది. నురగ జెజ్వే అంచుల దగ్గర ఉంగరంలా మొదలై మధ్యకు మూసుకుంటూ వస్తుంది. రంగు ముదురు గోధుమ నుంచి లేత గోధుమకు మారుతుంది. మధ్యలో చిన్న నల్లని కన్ను మిగిలి, ఉపరితలం మెల్లగా ఉబ్బడం మొదలైన క్షణాన మంట మీదినుంచి తీయాలి. ఆ కన్ను పూర్తిగా మూసుకుని పైకి పొంగేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. తీశాక చెంచాతో నురగను ముందు కప్పుల్లోకి సమంగా పంచి, మిగిలినదాన్ని మళ్ళీ కొద్దిసేపు మంట మీద పెట్టి, కప్పు అంచున ఆనించి సన్నని ధారగా పోయాలి. ఇదంతా మూడు నాలుగు నిమిషాల పని. శిక్షకురాలు మా వెనుక నడుస్తూ, ఎవరి గిన్నె ముందు ఎప్పుడు ఆగాలో ఆమెకు ముందే తెలిసినట్టు సరిగ్గా అప్పుడే ఆగేవారు. పిడిని ఒకవైపు కొద్దిగా వంచమని, మంటను సగానికి తగ్గించమని, లేదా ఇంకా ఆగమని ఒక్క మాట చెప్పి వెళ్ళేవారు. ముందే తీసేసినవారి కాఫీని, ఆలస్యం చేసినవారి కాఫీని, సరైన సమయంలో తీసినవారి కాఫీని అందరి చేతా ఒక్కో గుక్క తాగించి తేడా చెప్పమన్నారు. మొత్తం తరగతిలో నిజమైన బోధన అంటే ఇదే. ఈ ఒక్క పని కోసం ఆమెకు పూర్తి మార్కులు వేయవచ్చు.

అయితే అక్కడ ఇద్దరికొక పొయ్యి చొప్పునే ఉంది. ఒకరు కాస్తుంటే మరొకరు చూస్తూ నిలబడాలి. చేతితో నేర్పుతామని రుసుము తీసుకున్న చోట ఇది చిన్న లోపం కాదు. ప్రకటనలో ఫొటో పెట్టిన ఇసుక పళ్ళెం కూడా మా చేతికి రాలేదు; శిక్షకురాలు ఒకసారి కాచి చూపి పక్కన పెట్టారు. ఇసుకలో కాచే పద్ధతి పర్యాటకుల వీధుల్లో కెమెరాల కోసం ఎక్కువగా సాగుతున్నా, దాన్ని పూర్తిగా వేడుక అని కొట్టిపారేయలేము. వేడి ఇసుక జెజ్వేను అడుగునే కాక పక్కల నుంచీ సమంగా కాస్తుంది; గిన్నెను లోతుగా దించితే వేడి పెరుగుతుంది, పైకి లాగితే తగ్గుతుంది. చెయ్యి అదుపు నేర్చుకోవడానికి అది మంచి సాధనం. అందుకే చూపి ఊరుకోవడం మరింత నిరాశ కలిగించింది.

చరిత్ర చెప్పిన భాగం సగం బాగుంది, సగం వినోదం. పదహారో శతాబ్దం నడుమ, 1550ల ప్రాంతంలో, సిరియా నగరాలైన అలెప్పో నుంచి ఒకరు, డమాస్కస్ నుంచి ఒకరు వచ్చి ఇస్తాంబుల్‌లోని తహ్తకలే ప్రాంతంలో కాఫీశాలలు తెరిచారని ఒట్టోమన్ చరిత్రకారుడు పెచెవీ రాశాడు. 1633లో ఒట్టోమన్ సుల్తాను నాలుగో మురాద్ కాఫీశాలలను మూయించాడు. జనం ఒకచోట చేరి మాట్లాడుకోవడమే పాలకులకు కాఫీ కన్నా పెద్ద బెడద. 2013లో టర్కిష్ కాఫీ సంస్కృతిని యునెస్కో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ భర్త కాఫీ గింజలు తేకపోతే భార్య విడాకులు తీసుకోవచ్చన్న చట్టం వంటి కథలను ఏ ఆధారమూ చూపకుండా చరిత్రలో కలిపి చెప్పడం సరి కాదు. ఈ పద్ధతి తమ ఒక్కరిదేనన్న ధోరణి కూడా అక్కడక్కడ వినిపించింది. గ్రీసులో, అరబ్బు దేశాల్లో, బాల్కన్లలో ఇదే కాఫీని వేరు పేర్లతో, చిన్న చిన్న తేడాలతో తాగుతారు. బోస్నియాలోనైతే నీళ్ళు ముందు మరిగించి తరువాత పొడి కలుపుతారు. ఆ తేడాను ఒక కప్పు కాచి చూపి ఉంటే విడాకుల కథ కన్నా ఎక్కువ ఉపయోగపడేది.

రెండు గంటల్లో చివరి మూడో వంతు జోస్యానికి పోయింది. తాగిన కప్పు మీద సాసరు మూసి, తిరగేసి, చల్లారాక లోపల అంటుకున్న మడ్డి గీతలను చూసి చేపలు, దారులు, పక్షులు ఏరడం టర్కీ ఇళ్ళలో నిజంగానే ఉన్న అలవాటు. జోస్యాన్ని నమ్మవద్దు, అలాగని జోస్యం లేకుండానూ ఉండవద్దు అని వాళ్ళలోనే ఒక సామెత ఉంది. స్నేహితుల మధ్య కబుర్లకు అది సాకు. డబ్బు కట్టి వచ్చిన అపరిచితులను వరుసగా కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ ప్రయాణ యోగం, ధన యోగం ప్రకటించడంలో ఆ చనువు ఉండదు. పైగా ఆ సమయంలో పొయ్యిలన్నీ ఆరిపోయి ఉన్నాయి. మాలో ఎవరికైనా మరొక కప్పు కాచే అవకాశం ఇచ్చి ఉంటే చెప్పిన యోగాలన్నీ వదులుకునేవాణ్ణి.

మా బృందంలో డల్లాస్ నుంచి వచ్చిన తెలుగు దంపతులు కూడా ఉన్నారు. "పాలు ఎప్పుడు పోస్తారండీ?" అని ఆయన నన్ను మెల్లగా అడిగారు. ఆవిడ అంతకన్నా సూటిగా శిక్షకురాలినే అడిగారు. పాలతో కాచేవారూ లేకపోలేదని, కాని నేర్చుకునేటప్పుడు నీళ్ళతోనే నేర్చుకోవాలని సమాధానం వచ్చింది. పాల కాఫీ అలవాటున్న నాలుకకు మొదటి గుక్క చిక్కగా, చేదుగా అనిపించడం సహజం. సాదేకు బదులు ఓర్తాతో మొదలుపెట్టడం మేలు. కాఫీతో పాటు ఒక గ్లాసు మంచినీళ్ళు ఇస్తారు. అవి నోరు శుభ్రం చేసుకోవడానికి ముందుగా తాగవలసినవి. పక్కన పెట్టే లోకుం (టర్కిష్ డిలైట్ అనే మిఠాయి) ముక్కను గురించి శాకాహారులు సందేహపడతారు. సంప్రదాయ పద్ధతిలో దాన్ని చక్కెర పాకం, పిండిపదార్థంతోనే చేస్తారు, అయినా జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉందా అని అడగడంలో తప్పులేదు. కప్పు అడుగున మిగిలిన మడ్డి తాగేది కాదు. ఈ మాట ముందుగా చెప్పకపోవడంతో ఒకరిద్దరు కప్పు పూర్తిగా వంచేసి ఇబ్బంది పడ్డారు.

కాఫీ అంగడిలో కూర్చుని తాగే ఎన్నో కప్పుల ధర ఈ తరగతికి కట్టాలి. రుచి చూడటమే మీ ఉద్దేశమైతే ఆ ఖర్చు అనవసరం. ఇంటికి వెళ్ళి కాచుకోవాలన్న కోరిక ఉంటేనే చేరండి. చేరే ముందు ప్రతి ఒక్కరికీ వేరే పొయ్యి, వేరే జెజ్వే ఇస్తారా, ఒక్కొక్కరు కనీసం ఎన్నిసార్లు కాయవచ్చు, జోస్యానికి ఎంత సమయం కేటాయించారు అని రాతపూర్వకంగా అడగండి. బృందంలో ఆరుగురికి మించి ఉంటే మరో చోటు వెతుక్కోవడం మంచిది. నేను చేరిన తరగతికి ఐదింటికి మూడున్నర ఇస్తాను. అందులో మూడింటిని పూర్తిగా శిక్షకురాలే సంపాదించారు.

తరగతి చివర అమ్మకానికి పెట్టిన జెజ్వేలు పలచగా, బరువు లేకుండా ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే బరువు తెలిసేంత మందమైన రాగి, లోపల చెక్కుచెదరని కళాయి, గట్టిగా బిగించిన పిడి ఉన్నవి రాగిపని చేసే దుకాణాల్లో దొరుకుతాయి. ఇండక్షన్ పొయ్యి మీద రాగి జెజ్వే పనిచేయదు. గ్యాసు లేని ఇళ్ళవారు అడుగున ఇనుము ఉన్న స్టీలు రకం కొనాలి. పొడి కోసం ఎమినోనులో మసాలా బజారు పక్కనున్న తహ్మిస్ వీధికి వెళ్ళవచ్చు. 1871లో మొదలైన కురుకహ్వెజి మెహ్మెత్ ఎఫెంది దుకాణం అక్కడే ఉంది, అప్పుడే విసిరిన పొడిని కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు. వరుస పొడవుగా కనిపించినా త్వరగా కదులుతుంది. అయితే ఇంత మెత్తని పొడి వాసన త్వరగా పోగొట్టుకుంటుంది కనుక ఎక్కువ మోయవద్దు. అది అయిపోయాక అరకు అరబికా గింజలను మధ్యస్థంగా వేయించినవి తెచ్చుకుని, చికోరీ కలపకుండా, మరలో వీలైనంత మెత్తగా పట్టించుకుంటే జెజ్వేలో నురగ బాగానే నిలుస్తుంది.