7 ఇంచుల సర్క్యులర్ సా (కరెంటుతో తిరిగే గుండ్రటి రంపం): నాలుగేళ్ళు వాడాక చెప్తున్నా

ముందే చెప్పేస్తా, మిషను బానే ఉంది, కానీ మిషను మీద పెట్టిన డబ్బుల కన్నా బ్లేడు మీద, గైడు (సా గీత తప్పకుండా నడిపించే పట్టీ) మీద పెట్టిన కాస్త డబ్బులే నాకు ఎక్కువ పనికొచ్చాయి. కంపెనీ పేరు చెప్పను, ఈ రేంజిలో అన్నీ ఇంచుమించు ఒకటే. 185 ఎం.ఎం. బ్లేడు, 1400 వాట్స్, నిలువుగా 65 ఎం.ఎం. దాకా తెగుతుంది. రాజమండ్రిలో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఆదివారాలు నా పని... షెల్ఫులు, చెప్పుల స్టాండు, పిల్లల స్టడీ టేబులు, ఇలాంటివన్నమాట.

"ఎందుకండీ ఇంత ఖర్చు, మార్బుల్ కట్టర్‌కి చెక్క బ్లేడు బిగిస్తే సరిపోద్ది కదా" అని అందరూ అడుగుతారు. మన దగ్గర చాలామంది కార్పెంటర్లు అలాగే కోస్తారు, నిజమే. కానీ అది రాయి కోయడానికి చేసింది, 12–13 వేల ఆర్‌పీఎం మీద తిరుగుద్ది, దీని స్పీడు 5 వేల చిల్లరే. పైగా కోత అవ్వగానే దానంతటదే మూసుకునే కింది గార్డు దానికి ఉండదు, బ్లేడు పట్టేసి వెనక్కి తన్నిందంటే నేరుగా మన కాళ్ళ మీదకే. వాళ్ళ చేతికి ఏళ్ళ అలవాటు ఉంది, ఆదివారం కార్పెంటర్లం మనకెందుకండీ ఆ సాహసం.

బ్లేడు సంగతికొస్తే, డబ్బాలో వచ్చింది 24 పళ్ళది. టేకు కర్రని, రీపర్లని నిలువునా చీల్చడానికి బ్రహ్మాండం, ప్లైవుడ్‌కి మాత్రం దండగ, పై పొర మొత్తం చింపేస్తది. ప్లై కోసం 60 పళ్ళ టీసీటీ బ్లేడు (పళ్ళ కొసలకి గట్టి టంగ్‌స్టన్ కార్బైడ్ ఉండేది) విడిగా కొన్నా, ఆ రోజు నుంచి నాకు మిషనే మారిపోయినట్టుంది. ఇంకోటి, ఈ సా పళ్ళు కింద నుంచి పైకి కోస్తాయి కాబట్టి అందంగా కనపడాల్సిన వైపు కిందకి తిప్పి పెట్టాలి, చేతి రంపానికి దీనికి పూర్తిగా రివర్సు. పొర లేచిపోయేది పై వైపే, అక్కడ గీత మీద మాస్కింగ్ టేపు వేస్తే కొంత తగ్గుద్ది.

ఇక గైడు. మిషనుతో ఇచ్చే ఆ ఇనప పట్టీ గైడుని పక్కన పడేయండి. 6 ఎం.ఎం. ప్లై పట్టీ ఒకటి వెడల్పుగా తీసుకుని, దాని మీద 12 ఎం.ఎం. ప్లై పట్టీ (ఫ్యాక్టరీ అంచు బయటికి ఉండేలా) ఫెవికాల్‌తో అంటించి, ఆరాక సా బేసుని (కింద ఉండే ప్లేటుని) ఆ అంచుకి ఆనించి ఒక్కసారి చివరిదాకా తోస్తే, కింద మిగిలిన 6 ఎం.ఎం. ప్లైని బ్లేడే కోసేస్తది. ఇంక ఆ కోసిన అంచే మన కోత గీత, కొలత దగ్గర దాన్ని పెట్టి రెండు సీ క్లాంపులు బిగిస్తే చాలు, ప్రతిసారీ బేసుకీ బ్లేడుకీ మధ్య దూరం లెక్కేసుకునే గోల ఉండదు. పైన అంటించే పట్టీ 18 ఎం.ఎం. ది వేస్తే లోతు పెంచినప్పుడు మోటారు కిందకి దిగి దానికి తగులుద్ది, అందుకే పల్చటిది చెప్తున్నా. బ్లేడు మారిస్తే మందం మారుద్ది కాబట్టి 24 పళ్ళదానికి ఒకటి, 60 పళ్ళదానికి ఒకటి చేసుకుని పేర్లు రాసి పెట్టుకున్నా.

కొలతల్లో బ్లేడు తినేసేది మర్చిపోవద్దు. 8x4 షీటు వెడల్పు 1220 ఎం.ఎం., రెండు కోతలకి తలా రెండున్నర పోతే 1215 మిగులుద్ది, అంటే మూడు సమాన ముక్కలు చేస్తే ఒక్కోటి 405. కాగితం మీద 16 అంగుళాల మూడు అరలు గీసుకుంటే రావు, 406 కూడా రాదు.

కోనసీమలో మా తాతగారి పెంకుటిల్లు తీసేసినప్పుడు దక్కిన టేకు గుమ్మాలు కూడా దీంతోనే కోశా. పాత కర్రలో మేకులుంటాయి, తల విరిగి లోపల ఉండిపోయినవి కంటికి కనపడవు, పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతంతో మొత్తం తడిమి చూశాకే బ్లేడు పెట్టేవాణ్ణి. మేకులు లేకపోయినా టేకులో సిలికా ఉంటది కాబట్టి పళ్ళు తొందరగా మొద్దుబారతాయి, సాన పట్టే షాపులో పంటికి ఇంత అని తీసుకుంటారు. పచ్చి వేప పలక అయితే ఇంకో కథ, కోస్తుంటే వెనకాల చీలిక మూసుకుపోయి బ్లేడుని పట్టేస్తది, చీలికలో చిన్న చెక్క ముక్క దూర్చుకుంటూ పోవాలి. మిషనుకి సూటిగా వెనక మాత్రం నిలబడకండి, కొంచెం పక్కకి ఉండండి.

నచ్చనివి చెప్పాలంటే, రేకు బేసు ప్లేటు, ఒక్కసారి కింద పడితే వంకర. 45 డిగ్రీల గుర్తుని నమ్మొద్దు, మూలమట్టం పెట్టి చూసుకోవాల్సిందే. పొట్టు బయటికి పోయే గొట్టం పేరుకే ఉంది, సగం మన మొహం మీదే. చెక్క పొడిని ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సర్ పరిశోధన సంస్థ) క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది, కాబట్టి ఎన్95 లేకుండా మొదలుపెట్టను, ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసే షీటు) అయితే అస్సలు. వైరు రెండు మీటర్లు కూడా లేదు, ఎక్స్‌టెన్షన్ తప్పదు, 1400 వాట్స్ అంటే 6 యాంప్స్ పైనే లాగుద్ది, సెల్ ఛార్జర్లకి వాడే సన్న వైరు బాక్సు పెడితే వేడెక్కిపోద్ది. 1.5 స్క్వేర్ ఎం.ఎం. వైరుతో చేయించుకుని, చుట్ట మొత్తం విప్పేసి వాడండి.

రిపేరంటే ఇన్నేళ్ళలో కార్బన్ బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న ముక్కలు) మార్చడమే. నిప్పురవ్వలు ఎక్కువై, స్విచ్ నొక్కితే ఒకసారి తిరిగి ఒకసారి తిరక్కపోతే అవి అరిగినట్టే, పక్కనున్న రెండు మూతలు స్క్రూడ్రైవర్‌తో విప్పి ఎవరైనా వేసుకోవచ్చు.

అరచెయ్యంత ముక్కలు మాత్రం దీంతో కోయొద్దు, వాటికి చేతి రంపమే. షీట్లు నాలుగైదు ఉండి అన్నీ నిలువునా కోయాల్సి వస్తే నేను కూడా ప్యానెల్ సా (షీట్లు కోసే పెద్ద మిషను) ఉన్న షాపులోనే కోయించుకుంటా, టెర్రస్ మీద ఒక్కణ్ణే ఎనిమిదడుగుల 18 ఎం.ఎం. షీటుని తిప్పడం నా నడుం వల్ల కాదు.